మా మేనత్త పెంచిన దెయ్యం

మూడు వారాల కిందట ఒక ఆదివారం సాయంత్రం, పలివెల కాలువ గట్టు మీద పదిహేనుమంది పరాయివాళ్ళ మధ్య నిలబడి, మా మేనత్త దెయ్యమైన కథ విన్నాను. చెప్పింది ఎవరో కాదు, మా తమ్ముడి మనవరాలు. చరిత్ర చదివి, హైదరాబాదులో రెండేళ్ళు ఉద్యోగం వెలగబెట్టి, అక్కడి ట్రాఫిక్కు మీద అలిగి వచ్చేసిన పిల్ల. వచ్చినప్పటినుంచి ఊరికే కూర్చోకుండా ‘దెయ్యాలూ దేవుళ్ళూ’ అని పేరు పెట్టి ప్రతి ఆదివారం ఒక సాయంత్రపు నడక మొదలుపెట్టింది. అయిదున్నరకి గుడి దగ్గర బయల్దేరి, కాలువ గట్టు వెంబడి కథలు చెప్పుకుంటూ నడిచి, దీపాలు పెట్టే వేళకి మా బాబాయిగారి అరుగు చేరి, పనసాకు బుట్టల్లో ఇడ్లీల్లా ఉడికించిన పొట్టిక్కలు కొబ్బరిపచ్చడితో తిని ఇళ్ళకు పోవడం. రాజమండ్రి నుంచి, కాకినాడ నుంచి కార్లు వేసుకుని వస్తున్నారు జనం. దెయ్యాల కోసం ఇంత దూరం రావాలా, వాళ్ళ ఊళ్ళలో లేవుటే అని అడిగాను ఒకసారి. “ఉండేవి మామ్మా. ఖాళీ స్థలాలన్నిట్లో అపార్టుమెంట్లు కట్టేసేరు, పాపం ఎక్కడుంటాయి?” అంది.

మోకాళ్ళ నొప్పుల వంకతో నేను అన్నాళ్ళూ తప్పించుకున్నాను. ముప్పైయేళ్ళు లెక్కలు చెప్పిన మనిషిని, దెయ్యాలూ నేనూ ఎప్పుడూ ఒక దారిన నడిచింది లేదు. ఆ ఆదివారం ఆ పిల్లే వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. మొదటి మజిలీ గుడి. మా స్వామివారి కొప్పు కథ ఈ చుట్టుపక్కల చంటిపిల్లలకు కూడా వచ్చు. పూర్వం ఒక పూజారి స్వామి దండని తన మనసుకు నచ్చినావిడ తలలో ముడిచి, మర్నాడు అదే దండని ప్రసాదమని రాజుగారికి ఇచ్చాడట. దండలో పొడుగాటి వెంట్రుక. ఇదెక్కడిదని రాజు గద్దిస్తే, స్వామికి కొప్పుందండీ అనేశాడు. అయితే పొద్దున్నే చూపించమన్నాడు రాజు. పూజారి గోడు వినలేక, తెల్లారేసరికి స్వామి నిజంగానే కొప్పు పెట్టుకున్నాడు. “ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి దేవుడంతటివాడు జుట్టు పెంచుకున్న ఊరమ్మా మనది” అని మా బాబాయి నా చిన్నప్పటినుంచీ గొప్పగా చెప్పేవారు. అబద్ధం గురించి అంత గొప్పేమిటో అప్పుడు నాకు బోధపడేది కాదు.

రెండో మజిలీ కాలువ అధికారుల పాత బంగళా. అక్కడ సాయంత్రం పూట దొరగారి గుర్రం డెక్కల చప్పుడు వినిపిస్తుందని చెప్పింది మా పిల్ల. నాకు ఊహ తెలిసినప్పటినుంచి ఆ బంగళాలో వినిపించింది ఓవర్సీరుగారి గేదె గిట్టల చప్పుడే. అయినా నోరు మూసుకున్నాను. మా ఇంటి పిల్ల నలుగురిలో నిలబడి చెబుతుంటే, తప్పు దిద్దడం బాగుండదు కదా. మూడో మజిలీ మొగలిపొదల మలుపు. ఒకప్పుడు ఆ మలుపంతా మనిషి ఎత్తు పొదలు. ఇప్పుడు రెండే మిగిలాయి, వాటి పక్కన ఒక సిమెంటు బల్ల. అక్కడికి వచ్చాక పిల్ల గొంతు తగ్గించింది. మండువా ఇంట్లో ఒక పడుచు వితంతువు ఉండేదట. రోజూ దీపాల వేళకి ఈ గట్టుకి వచ్చేదట. కొబ్బరికాయల పడవ నడిపే సరంగుతో స్నేహం కలిసిందట. ఇంట్లోవాళ్ళకి తెలిసింది. ఆవిడ ఈ మలుపులోనే కాలువలో దూకింది. అప్పటినుంచి ఈ వేళప్పుడు గట్టు మీద ఒంటరిగా వెళ్ళే మగవాణ్ణి పొదల్లోంచి ఒక ఆడగొంతు అడుగుతుంది, “తమరెవరి తాలూకండీ?” అని. సమాధానం చెప్పామా, మన వెంటే ఇంటికి వచ్చేస్తుంది. “ఇది కట్టుకథ కాదండీ. ఆవిడతో స్వయంగా మాట్లాడిన మనిషి ఇంకా ఉన్నారు. ఇప్పుడు మనం ఆయన దగ్గరికే వెళ్తున్నాం” అని ముగించింది. జీన్సు ప్యాంటు వేసుకున్న ఒక అమ్మాయి పక్కనున్న మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే మండువా ఇల్లంటే, ఆ పిల్ల పుట్టకముందే పడగొట్టేశారు గానీ, మాదే. ఆ ఇంట్లో ఉన్న పడుచు వితంతువు ఒక్కతే, మా నాన్నగారి చెల్లెలు. ఆవిడ ఏ కాలువలోనూ దూకలేదు. డెబ్భై ఏళ్ళు దాటాక, మంచం మీద, ఆ ఏటి ఆవకాయలో ఉప్పు చాలలేదని మా అమ్మకి చెప్పి మరీ పోయింది. పైగా ఆ దెయ్యం పుట్టింది వైశాఖమాసంలో. వైశాఖంలో కాలువలు కట్టేస్తారు. చుక్క నీళ్ళు లేని కాలువలో పిల్లలు గోళీలాడుకుంటారు గానీ, పడవ ఎక్కణ్ణుంచి వస్తుంది, సరంగు ఎక్కణ్ణుంచి వస్తాడు, ఆవిడ దూకేది ఎందులోకి? ఇవన్నీ నాకెలా తెలుసంటే, ఆ దెయ్యం పుట్టినప్పుడు పక్కనే ఉన్నదాన్ని కాబట్టి. ఆ సంగతి తెలిసినవాళ్ళలో ఇప్పుడు భూమ్మీద మిగిలింది నేనొక్కదాన్నే అనుకున్నాను ఆ క్షణాన.

మా అత్తయ్యని కె.గంగవరం ఇచ్చారు. ఇరవై నిండకుండానే తిరిగి వచ్చేసింది. మా ఇంట్లో ఆవిడ ఏడుస్తూ కూర్చున్నది నేను చూడలేదు. కూర్చున్నదే చూడలేదు. కొబ్బరికాయల రాజ్యమంతా ఆవిడది. అందులోనూ అటక మీది కురిడీలంటే ఆవిడకి ప్రాణం. కాయని అటకెక్కించి ఏడాది వదిలేస్తే, లోపలి నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి చిప్పని వదిలేసి గుండులా తయారవుతుంది. చెవి దగ్గర పెట్టి ఆడిస్తే లొటలొటమంటుంది. అదే కురిడీ. అటక మీద ఎలుక దూరి కురిడీలు దొర్లితే పిల్లలం హడలిపోయేవాళ్ళం. అత్తయ్య కిందనుంచే వినేది. “అది తూర్పు మూల కాయలే, ఇంకా నెల పడుతుంది” అనేది. మాట కత్తిలా ఉండేది గానీ, ఎవరికి ఎప్పుడు ఏం కావాలో ఆవిడకి తెలిసినట్టు ఇంట్లో ఇంకెవరికీ తెలిసేది కాదు.

ఇప్పటి పిల్లలకు చెప్పాలంటే కొంచెం మొహమాటంగానే ఉంటుంది గానీ, చెప్పకపోతే కథ నడవదు. మా ఇంటికి ఎనిమిది గదులూ, రెండు ధాన్యం గాదెలూ ఉండేవి, మరుగుదొడ్డి లేదు. మా ఇంటికే కాదు, ఆ వీధిలో ఎవరికీ లేదు. మగవాళ్ళకేం, పొద్దున్నే చేలగట్లన్నీ వాళ్ళవే. ఆడవాళ్ళకి మాత్రం తెల్లవారకుండా ఒకసారి, మళ్ళీ దీపాలు పెట్టాక ఒక గంట. చెంబులు పట్టుకుని అయిదారుగురు కలిసి మొగలిపొదల వెనక్కి వెళ్ళేవారు. పదకొండో ఏట నన్నూ ఆ జట్టులో కలుపుకున్నారు. నిజం చెప్పొద్దూ, నాకది సరదాగానే ఉండేది. ఇంట్లో నోరెత్తని కోడళ్ళంతా అక్కడ అత్తగార్లని అనుకరించి నవ్వించేవారు.

ఆ ఏడు ఎండలకి ముందు ఎవరో పుణ్యాత్ములు కాలువ తూము గోడకి కొత్తగా గచ్చు చేయించారు. చల్లటి గచ్చు, పైన గాలి. ఊళ్ళో కుర్రకారుకి అది కనబడింది. అయిదింటికల్లా పదిమంది చేరి ఎనిమిదిన్నర దాకా కదిలేవారు కాదు. తూముకీ మొగలిపొదలకీ మధ్య ఇరవై అడుగులు కూడా లేవు. ఆ సభకి మా బాబాయే పెద్ద. ఇరవై రెండేళ్ళవాడు, చేతిలో కొత్త ట్రాన్సిస్టరు. ఆడవాళ్ళు ఈ సంగతి ఎవరితో చెప్పుకుంటారు? ఆ మాటే పైకి అనలేని రోజులు. మా నాయనమ్మ సాహసించి తాతగారితో, “గట్టు మీద మగపిల్లలు కూచుంటున్నారండీ” అంది. “అక్కడ గాలి బాగుంటుంది మరి” అన్నారాయన.

దాంతో ఆడవాళ్ళే ఒక ఉపాయం చేసుకున్నారు. మధ్యాహ్నం భోజనం దగ్గర్నుంచి మంచినీళ్ళు తాగడం మానేశారు. అప్పటికి మా అమ్మకి ఏడో నెల. కడుపులో ఉన్నది మా తమ్ముడు, అంటే ఈ కథలు చెప్పే పిల్ల తాతగారు. వైశాఖపు ఎండలో అమ్మ దాహంతో పెదాలు తడుపుకుంటూ తిరిగేది. గ్లాసు చేతిలోకి తీసుకునేది, వాకిట్లో ఎండ ఎక్కడిదాకా వచ్చిందో చూసేది, ఒక్క గుక్క పుక్కిలించి మిగిలిందంతా మల్లెపాదులో పోసేసేది. ఒకరోజు పొయ్యి దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. కాంపౌండరుగారు వచ్చి చూసి, ఒంట్లో నీళ్ళు లేవు, బాగా తాగాలి, లేకపోతే బిడ్డకే ప్రమాదం అన్నారు. అమ్మ బుద్ధిగా తలూపింది. ఆ సాయంత్రం కూడా నీళ్ళు మల్లెపాదులోకే వెళ్ళాయి. అత్తయ్య అది చూసింది. అటకెక్కి రెండు కురిడీలు దింపింది.

మర్నాడు దీపాలు పెట్టకముందే అత్తయ్యా, పక్కింటి కోడలూ, నేనూ మొగలిపొదల్లో దూరాం. పక్కింటావిడ చేతిలో పాతగుడ్డలో కట్టిన కురిడీలు. గొంతు అత్తయ్యది. నిన్ను తినేస్తానని అరిస్తే బాగుంటుందేమోనని నేను సలహా ఇచ్చాను. “పిచ్చిదానా, తినేస్తానంటే మగాడు కర్ర తీస్తాడే. ఎవరి తాలూకండీ అను, ఆగి చెప్పక చస్తాడా?” అంది. ఆవిడకి మా సీమ సంగతి బాగా తెలుసు. ఆ ప్రశ్న అడిగితే కొంప అంటుకున్నవాడైనా ఇక్కడ నిలబడి, తల్లి పుట్టినిల్లు ఏదో చెప్పిగానీ కదలడు. కాసేపటికి గట్టు మీద ట్రాన్సిస్టరు పాట వినిపించింది. వస్తున్నది మా బాబాయి, ఒక్కరే; తక్కిన కుర్రకారంతా ఆవేళ పక్కూరి పెళ్ళికి వెళ్ళారు. కురిడీలు లొటలొటలాడాయి. అత్తయ్య ముక్కు పట్టుకుని, సన్నగా, మర్యాదగా అడిగింది, “తమరెవరి తాలూకండీ?”

బాబాయి ఠక్కున ఆగి, పాట తగ్గించారు. “ఆయ్, మేం మండువా ఇంటోరి తాలూకండీ. మా అమ్మగారి పుట్టిల్లు ఆలమూరండీ. పెద్దన్నయ్యగారు వ్యవసాయం చూసుకుంటారండీ. మా అక్కని గంగవరం ఇచ్చేమండీ. పాపం బావగారు పోయేరండీ, ఇప్పుడు మా ఇంటికాడే ఉంటందండీ.” పొదల్లో ఆ అక్కగారు తన చరిత్ర తనే వింటూ, నవ్వు ఆపుకోలేక పైటచెంగు నోట్లో కుక్కుకుంది. “తమరెవరండీ?” అని అడిగారు బాబాయి, మర్యాదకి మర్యాదగా. జవాబుగా మళ్ళీ కురిడీలు లొటలొటమన్నాయి. అప్పుడు చూశారాయన, ముందూ ఎవరూ లేరు, వెనకా లేరు. ట్రాన్సిస్టరు ఒకచోట, చెప్పులు ఒకచోట, ఆయన ఒకచోట. ఆ సాయంత్రమే జ్వరం తగిలింది. అంత ఎండల్లోనూ దుప్పటి కప్పుకుని మూడు రోజులు పడుకున్నారు. నుదుట విభూతి పెట్టిందీ, నిమ్మకాయ తిప్పి వీధిలో పారేసిందీ మా అత్తయ్యే. ఊరు ఊరంతా చూడ్డానికి వచ్చింది. మూడో రోజుకల్లా తూము సభ రద్దయి, సెంటర్లో కాఫీ హోటలు ముందుకి మారిపోయింది.

ఆ తరవాత ఎనిమిదేళ్ళకి గానీ మా పెరట్లో తలుపున్న గది కట్టలేదు. ఆ ఎనిమిదేళ్ళూ మా వీధి ఆడవాళ్ళకి కాపలా కాసింది ఆ దెయ్యమే. కొత్తగా కాపరానికి వచ్చిన ప్రతి కోడలికీ అత్తయ్య తులసికోట మీద చెయ్యి వేయించి సంగతి చెప్పేది. “మగాడి చెవిన పడిన రోజున ఇది చచ్చిపోతుంది. మళ్ళీ పుట్టించడం నా వల్ల కాదు” అనేది. దెయ్యానికి పేరు పెట్టలేదు, కథ కట్టలేదు. ఎక్కువ చెబితే ఎక్కడో ఒకచోట దొరికిపోతామని ఆవిడ భయం. ఖాళీగా వదిలిన ఆ చోటులో ఊరు తనకి తోచిన కథ పెట్టుకుంది. ఆడది దెయ్యమైందంటే తప్పు చేసే ఉంటుందనుకోవడం లోకానికి అలవాటు. తిరిగి తిరిగి ఆ తప్పు మా అత్తయ్య నెత్తికే చుట్టుకుంటుందని ఎవరు అనుకున్నారు?

మొగలిపొదల దగ్గర్నుంచి బాబాయి అరుగు వరకూ రెండు వందల గజాలుంటుంది. ఆ కాస్త దూరం నాకు పెద్ద ప్రయాణమైంది. నిజం చెప్పకపోతే మా అత్తయ్య ఆదివారం ఆదివారం పరాయివాళ్ళ ముందు కాలువలో దూకుతూనే ఉంటుంది. చెబితే ఒట్టు పోతుంది. ఒట్టు సంగతి అలా ఉంచినా, బాబాయి ఏమవుతారు? ఎనభై ఆరేళ్ళ మనిషి. పిన్ని పోయాక మాటలు తగ్గిపోయాయి. ఆదివారం వస్తే చాలు, ఇస్త్రీ లాల్చీ తొడుక్కుని, నాలుగింటి నుంచే అరుగు మీద కూర్చుంటారు. దెయ్యాన్ని చూసిన మనిషిగా ఆయనకి నలుగురిలో ఒక పీట ఉంది. ఆ పీట లాగేయడానికి నాకు చేతులు రాలేదు.

ఆ రోజు కూడా బ్రహ్మాండంగా చెప్పారు. దెయ్యం అనరు, ‘ఆవిడగారు’ అంటారు. కురిడీల చప్పుడు ఆయన నోట్లో గజ్జెల చప్పుడైంది. జనం నోళ్ళు తెరుచుకుని విన్నారు. అంతా అయ్యాక ఆ జీన్సు అమ్మాయి, “అయితే తాతగారూ, ఆ సరంగు ఏమయ్యాడండీ?” అని అడిగింది. బాబాయి అర్థం కానట్టు చూశారు. ఎప్పుడూ అరుగు దిగి గట్టు దాకా రాని మనిషి కాబట్టి, గట్టు మీద చెప్పే కథ ఆయన అంతవరకూ వినలేదు. ఎవరో పూస గుచ్చినట్టు చెప్పారు, మండువా ఇల్లూ, వితంతువూ, పడవా అన్నీ. ఆయన ముఖంలో రంగు మారిపోయింది. “ఎవరు చెప్పేరమ్మా నీకీ మాట?” అని మనవరాల్ని అడిగారు. “ఊళ్ళో అందరూ అనుకుంటారండీ తాతగారూ” అంది అది నెమ్మదిగా. వచ్చినవాళ్ళకి మర్యాదగా దణ్ణం పెట్టి, పొట్టిక్కలు చల్లారిపోతాయి తినండని చెప్పి, కర్ర పట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు.

పిల్ల బెదిరిపోయింది. దాన్ని వెంటబెట్టుకుని నేను లోపలికి వెళ్ళాను. ఇంక చెప్పక తప్పదనుకున్నాను. “బాబాయ్, ఆ దెయ్యం సంగతి మీకో మాట చెప్పాలండీ” అని మొదలుపెట్టాను. ఆయన తలెత్తకుండానే, “మా అక్కేనమ్మా” అన్నారు.

“మొదటి రోజు భయం నిజమే, జ్వరమూ నిజమే, అబద్ధం ఎందుకు? రెండో రోజు విభూతి పెట్టడానికి వచ్చింది. చూద్దును కదా, మోచేతి దాకా మొగలిముళ్ళ గీతలు. అంతే, జ్వరం దిగిపోయింది. లేచి నలుగురిలో నీ పరువు తీసేస్తానుండు అనుకున్నాను. ఇంతలో మీ అమ్మ వచ్చేరు. పట్టపగలు మూడింటికి, కుండలోంచి చెంబుడు నీళ్ళు ముంచుకుని, గోడకి చేరబడి గటగటా తాగేరు. ఆగకుండా తాగేరు. ఎన్నాళ్ళయిందో వదిన నీళ్ళు తాగగా నేను చూసి. అప్పుడు తెలిసిందమ్మా మేం తూము మీద కూర్చుని ఏం చేస్తున్నామో. ఇంక నాకు జ్వరం తగ్గితే ఎలాగమ్మా?”

అందుకని ఆయన మూడో రోజూ దుప్పటి తియ్యలేదు. చూడ్డానికి వచ్చిన ప్రతి మగవాడికీ, వాడి ధైర్యాన్ని బట్టి ఒక పాలు ఎక్కువే కలిపి చెప్పారు. అప్పటినుంచి ఇప్పటిదాకా చెబుతూనే ఉన్నారు. మగవాడి చెవిన పడితే చచ్చిపోతుందని మేం తులసికోట మీద ఒట్లు వేసుకున్నాం. పడనే పడింది, రెండో రోజే. దాన్ని ఇన్నాళ్ళు బతికించింది కూడా ఆ మగవాడే. అత్తయ్యకి తెలుసా అని అడిగాను. “తెలీదు. ఏమో, తెలుసేమో. పోయేముందు నన్ను దగ్గరికి పిలిచి, నువ్వు మంచి మాటకారివిరా తమ్ముడూ అంది. ఎందుకందో నేనడగలేదు” అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. మా పిల్ల, “అయితే ఆ నీళ్ళు మా తాతయ్య కూడా తాగినట్టే కదా మామ్మా” అంది. ఇకనుంచి ఉన్నదున్నట్టు చెప్పమని బాబాయే దానికి ఆజ్ఞ ఇచ్చారు. ఈ ముక్క నేను రాస్తున్నది కూడా ఆయన అనుమతితోనే.

తరవాతి ఆదివారం ఎవరూ పిలవకుండానే నేను వెళ్ళాను. మొగలిపొదల మలుపులో పిల్ల ఈసారి గొంతు తగ్గించలేదు. గచ్చు చేసిన తూమూ, మల్లెపాదులో పోసిన నీళ్ళూ, రెండు కురిడీలూ, అన్నీ మామూలు మాటల్లో చెప్పింది. ఎవరూ కెవ్వుమనలేదు. మగవాళ్ళు కాసేపు కాలువ కేసి చూశారు. ఎక్కడి నుంచో వచ్చిన ఒక కాలేజీ అమ్మాయి, కథ వింటూ వింటూనే సంచిలోంచి సీసా తీసి, తల వెనక్కి వంచి, చివరి చుక్క దాకా తాగి మూత పెట్టుకుంది. దాహం వేసింది, తాగింది, అంతే, వేళెంతయిందని కూడా చూసుకోలేదు. ఆ గట్టు మీద, దీపాల వేళప్పుడు, ఒక ఆడపిల్ల ఏ ఆలోచనా లేకుండా సీసాడు నీళ్ళు తాగడానికి ఇన్నేళ్ళు పట్టింది.